గంజాయి వ్యాపారానికి లైసెన్సు ఉంటే భయం లేదా?

పాఠకుల ప్రశ్నలకు జవాబులు: విశ్రాంత ఎక్సైజ్ అధికారి, న్యాయవాది, హనుమకొండ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే మొక్క గురించి ఉన్నాయి. సర్వీసులో ఉన్న రోజుల్లో పరకాల, మహబూబాబాద్, ఏటూరునాగారం తిరిగాను. అప్పుడు గంజాయి అంటే అర్ధరాత్రి చెక్‌పోస్టు దగ్గర ఆపిన జీపు, కాజీపేట స్టేషన్లో సీటు కింద దొరికిన సంచి. రిటైరయ్యాక అదాలత్ దగ్గర నల్లకోటు వేసుకున్నాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లు అదే మొక్క గురించి "లైసెన్సు వస్తుందా, పెట్టుబడి పెట్టొచ్చా" అని అడుగుతున్నారు. మొదటి ఉత్తరం చదివాక ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. అందుకే దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. మిగతావారు ఏమీ అనుకోవద్దు.

*ప్రశ్న: నేను లెక్కల టీచర్‌గా చేసి రిటైరయ్యాను. నయీంనగర్‌లో ఉంటాం. మా అబ్బాయి కాలిఫోర్నియాలో హెచ్‌1బీ మీద ఉద్యోగం చేస్తున్నాడు. పెళ్లయింది. వాడి స్నేహితులు ఇద్దరు ప్రభుత్వ లైసెన్సు ఉన్న గంజాయి దుకాణం తీసుకుంటున్నారట. 15 శాతం వాటా ఇస్తాం, దుకాణానికి రానక్కర్లేదు, సైలెంట్ పార్ట్‌నర్‌గా ఉండమంటున్నారట. దానికోసం మడికొండ దగ్గర నేను కొన్న ప్లాటు అమ్మి డబ్బు పంపమంటున్నాడు. "అక్కడ అది లీగల్ నాన్నా, మన వైన్ షాపు లాంటిదే. ఏదైనా తప్పు జరిగితే ఫైన్ కడతాం, అంతే" అంటాడు. మా ఇంట్లో వారం నుంచి అందరికీ టెన్షన్. నిజంగా ఫైన్‌తోనే పోతుందా?*

సార్, మీ అబ్బాయి చెప్పిన వైన్ షాపు దగ్గరే మొదలుపెడతాను. ఆ వ్యాపారం లోపలి సంగతులు నాకు తెలుసు.

మన దగ్గర షాపు లైసెన్సు ఒకరి పేరు మీద ఉంటుంది. కౌంటర్లో నిలబడి అమ్మేది వేరొకరు. అతని కోసం నౌకర్‌నామా అనే కాగితం తీసుకుంటారు. నేను ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న ఒక ఊళ్లో, యజమాని పెళ్లికని కరీంనగర్ వెళ్లిన రెండు రోజుల్లో, నౌకర్‌నామాలో పేరున్న కుర్రవాడు పెట్టెలకు పెట్టెలు బెల్టు షాపులకు పంపించాడు. మేం వెళ్లి స్టాక్ రిజిస్టర్ తెరిచి, సీసాలు లెక్కపెట్టాం. తేడా వచ్చింది. పంచనామా రాశాం. యజమాని పరుగున వచ్చి "నేను ఊళ్లోనే లేను సార్" అన్నాడు. నిజమే చెప్పాడు. కానీ షోకాజ్ నోటీసు అతని పేరు మీదే వెళ్లింది. దసరా ముందు షాపుకు సీలు పడింది. లైసెన్సు ఫీజు కిస్తీలు మాత్రం ఆగలేదు. ఆయన మా ఆఫీసు బెంచీ మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. తన చేత్తో ఒక్క సీసా తప్పుగా అమ్మలేదాయన.

కాలిఫోర్నియాలో పట్టు ఇంతకంటే గట్టిగా ఉంటుంది. అక్కడి ఓటర్లు 2016 నవంబరులో చట్టాన్ని ఆమోదించారు. 2018 జనవరి 1 నుంచి లైసెన్సు దుకాణాల్లో పెద్దవాళ్లకు అమ్మకాలు మొదలయ్యాయి. మొదట మూడు శాఖలు చూసేవి. 2021 జూలైలో వాటిని కలిపి గంజాయి నియంత్రణకు ఒకే శాఖ పెట్టారు. మన సీసా మీద హోలోగ్రామ్ స్టిక్కర్ ఉన్నట్టే అక్కడ మొక్కకు, పొట్లానికి నంబరు ట్యాగు ఉంటుంది. తోటలో మొదలైన లెక్క కౌంటర్లో బిల్లు కొట్టేదాకా మెట్రక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలో ఎక్కాలి. కెమెరాలు రాత్రీ పగలూ తిరగాలి, 90 రోజుల రికార్డింగు దాచాలి. ఖాతా పుస్తకాలు 7 ఏళ్లు ఉంచాలి. ఉదయం 6కు ముందు, రాత్రి 10 తర్వాత అమ్మకూడదు. డాక్టరు సిఫారసు ఉన్న రోగులను మినహాయిస్తే 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు.

వీటిలో ఏది తప్పినా లైసెన్సు ఉన్నవాడికి ఒక్కో ఉల్లంఘనకు 5,000 డాలర్ల వరకు జరిమానా వేయొచ్చు. లైసెన్సు లేకుండా అమ్మితే 30,000 డాలర్ల వరకు. మీ అబ్బాయి "ఏదో ఫైన్" అన్నది ఈ 5,000 చూసి అయి ఉంటుంది. కానీ సార్, మీరు లెక్కల మాస్టారు. తప్పు జరిగిన ప్రతి రోజునూ విడి ఉల్లంఘనగా లెక్కించే అధికారం వాళ్లకుంది. కెమెరా పాడై పది రోజులు ఎవరూ చూసుకోలేదనుకోండి. పది ఐదువేలు ఎంతో మీకు నేను చెప్పనక్కర్లేదు. అదే పది రోజుల్లో స్టాకు కూడా కంప్యూటర్లో ఎక్కించకపోతే అది ఇంకో వరుస.

ఇంతవరకూ డబ్బుతో పోయేదే. దాని పై మెట్టు సస్పెన్షన్. దుకాణం మూసి ఉన్నన్నాళ్లూ అద్దె, జీతాలు, అప్పు వడ్డీ నడుస్తూనే ఉంటాయి. ఆ పైమెట్టు లైసెన్సు రద్దు. కాలిఫోర్నియాలో ఒకసారి సస్పెండో రద్దో అయితే, తర్వాతి మూడేళ్లలో కొత్త లైసెన్సుకు పెట్టుకునే దరఖాస్తును ఆ ఒక్క కారణంతోనే తిరస్కరించవచ్చు.

లైసెన్సు ఉన్నవాళ్లు జైలుకు పోరనుకుంటే కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ నగరం సంగతి చెప్పాలి. డాక్టరు సిఫారసు లేకుండా పెద్దవాళ్లకు అమ్మకాలు అమెరికాలో అందరికంటే ముందు, 2014 జనవరి 1న, మొదలైంది ఆ రాష్ట్రంలోనే. అక్కడ చాలా దుకాణాలున్న ఒక సంస్థకు అన్నీ సక్రమమైన లైసెన్సులే. అప్పటి నియమం ప్రకారం ఒక మనిషికి అమ్మగలిగింది ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు. ఒకే మనిషి ఔన్సు కొని, కారు దాకా వెళ్లి, మళ్లీ వచ్చి ఇంకో ఔన్సు కొనేవాడు. ఒకే రోజు అలా ఎన్నోసార్లు. కౌంటర్లో వాళ్లు అమ్ముతూనే ఉన్నారు. "ఒక్కో బిల్లుకు ఔన్సు అనే కదా నియమం" అని సంస్థ వాదించింది. పోలీసులు మారువేషంలో కొని చూశారు. 2017 డిసెంబరులో దాడి చేసి, కౌంటర్లో అమ్మిన కుర్రవాళ్లను కూడా అరెస్టు చేశారు. అదే రోజు లైసెన్సులు సస్పెండయ్యాయి. 2018 జూలైలో నగరంలో వాళ్లకున్న 26 లైసెన్సులూ రద్దు చేశారు. 2019 జనవరిలో యజమానులు ముగ్గురికీ ఏడాది చొప్పున జైలు శిక్ష పడింది. ఆ 26 అన్న అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఒక్క దుకాణంలోనూ దొంగ సరుకు కాదు. లెక్కను తమకు అనుకూలంగా చదువుకున్నారు, అంతే.

కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి దేశమంతటా చట్టబద్ధం. అక్కడ ప్రభుత్వం వేయగలిగిన పరిపాలనా జరిమానా పది లక్షల కెనడా డాలర్ల వరకు ఉంది. అయినా ఒక పెద్ద కంపెనీని ముంచింది జరిమానా కాదు. లైసెన్సులో చూపని గదుల్లో మొక్కలు పెంచారని 2019 సెప్టెంబరులో లైసెన్సు సస్పెండ్ చేశారు. షేరు పడిపోయింది. 2020లో కంపెనీ అప్పులవాళ్ల నుంచి కోర్టు రక్షణ కోరింది. అధికారుల మీద పెట్టిన క్రిమినల్ కేసులో చివరికి అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. అప్పటికి వాటాదారుల డబ్బు ఎక్కడుంది?

ఇక సైలెంట్ పార్ట్‌నర్ సంగతి. ఈ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. కాలిఫోర్నియా నియమాల్లో 20 శాతం, ఆపైన వాటా ఉంటే యజమాని కిందే లెక్క. 15 శాతం అంటే ఆర్థిక ప్రయోజనం ఉన్న వ్యక్తి అవుతాడు. అతని పేరు కూడా దరఖాస్తులో రాయాల్సిందే. రాయకుండా దాస్తే ఆ దాచడమే లైసెన్సు మీద తప్పు. రాస్తే మీ అబ్బాయి పేరు ప్రభుత్వ ఫైల్లో గంజాయి వ్యాపారంలో భాగస్తుడిగా ఎక్కుతుంది. స్నేహితులిద్దరూ అమెరికా పౌరులైతే వాళ్లకు దానివల్ల పెద్ద నష్టం ఉండకపోవచ్చు. మీవాడు హెచ్‌1బీ.

కాలిఫోర్నియా చట్టం ఒప్పుకున్నా, అమెరికా కేంద్ర ప్రభుత్వానికి 1970 నాటి మత్తుపదార్థాల చట్టం ఉంది. గంజాయిని తక్కువ తీవ్రత ఉన్న జాబితాలోకి మార్చే ప్రయత్నం 2024 నుంచి నడుస్తోంది. కానీ జాబితా మారినంత మాత్రాన అది ఆ చట్టం నుంచి బయటికి రాదు. వీసాలు, గ్రీన్‌కార్డులు, పౌరసత్వం చూసేది కేంద్రమే. రాష్ట్రంలో చట్టబద్ధమైన గంజాయి వ్యాపారంలో పనిచేసినా సరే, పౌరసత్వానికి అవసరమైన సత్ప్రవర్తన లేనట్టే చూడవచ్చని 2019 ఏప్రిల్‌లో అక్కడి ఇమిగ్రేషన్ శాఖ స్పష్టంగా రాసింది. వీసా చట్టంలో ఇంకో మాట ఉంది. మత్తుపదార్థాల వ్యాపారంలో ఉన్నాడని, దానికి సాయపడ్డాడని అధికారికి నమ్మడానికి కారణం ఉంటే చాలు, ప్రవేశం నిరాకరించవచ్చు. కోర్టులో శిక్ష పడి ఉండనక్కర్లేదు. ఆ డబ్బుతో గత ఐదేళ్లలో లబ్ధి పొందినట్టు తెలిసి ఉన్న భార్యకు, పిల్లలకు కూడా అదే వర్తిస్తుంది. అంటే మీ కోడలు కూడా. వాళ్లు పండక్కి ఇంటికొచ్చి, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్‌కు వెళ్లాలంటే నింపే ఫారంలో, మత్తుపదార్థాల చట్టాలను ఎప్పుడైనా ఉల్లంఘించారా అన్న ప్రశ్న ఉంటుంది. మీవాడు అక్కడ ఏమని రాస్తాడు? ఉందంటే ఒక కష్టం, లేదంటే అబద్ధం చెప్పిన కష్టం.

ఇది మన చట్టం దాకా కూడా వస్తుంది. చాలామందికి తెలియని సంగతి ఇది. మత్తుపదార్థాల మీద మన దేశంలో ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం, 1985, విదేశాల్లో ఉన్న భారత పౌరులకు కూడా వర్తిస్తుందని మొదటి సెక్షన్లోనే ఉంది. దేశం బయట మత్తుపదార్థం సంపాదించి, బయటే ఇంకొకరికి సరఫరా చేసే వ్యాపారాన్ని కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా చేయకూడదని సెక్షన్ 12 చెబుతుంది. తప్పితే సెక్షన్ 24 కింద పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల కఠిన కారాగారం, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. అక్రమ రవాణాకు నేరుగానో పరోక్షంగానో డబ్బు సమకూర్చితే సెక్షన్ 27ఎ ఉంది, దానికీ పది నుంచి ఇరవై ఏళ్లే. కాలిఫోర్నియా లైసెన్సు దుకాణంలో వాటా పెట్టినందుకు హనుమకొండలో ఒక తండ్రి మీద కేసు పెట్టగా నేను చూడలేదు. కానీ రేపు ఇంకేదో విషయంలో మీ కుటుంబం మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ఈ కాగితాలు తిరగేసే అధికారి ముందు ఆ సెక్షన్లు ఉంటాయి. అది తెలిసీ మిమ్మల్ని ముందుకు వెళ్లమని చెప్పడానికి నాకు మనసు ఒప్పదు.

డబ్బు పంపే దారి కూడా చూడండి. ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపుకోవచ్చు, నిజమే. కానీ బ్యాంకులో ఏ2 ఫారం మీద దేనికి పంపుతున్నారో రాసి మీరే సంతకం చేయాలి. "కుటుంబ పోషణ అని రాసెయ్ నాన్నా" అని మీవాడు అనవచ్చు. రాయకండి. ఫెమా, అంటే మన విదేశీ మారక చట్టం, కింద తప్పు తేలితే పంపిన మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా ఉంటుంది. ఇక్కడ సంతకం మీది, మీ పెన్షన్ ఖాతాది.

ప్లాటు అమ్మకండి సార్. ఆదివారం వీడియో కాల్‌లో అబ్బాయితో కోపంగా కాదు, నెమ్మదిగా మాట్లాడండి. వాటా కాగితం మీద సంతకం పెట్టేముందు అక్కడి ఇమిగ్రేషన్ లాయరును ఒక గంట కలవమనండి. ఆ గంట ఫీజు కావాలంటే మీరే పంపండి. ఇంకో లెక్క కూడా అడగమనండి: అమెరికా ఆదాయపు పన్ను చట్టంలో 280ఈ అనే సెక్షన్ ఉంది. కేంద్ర చట్టంలో ఎక్కువ తీవ్రత ఉన్న మొదటి రెండు జాబితాల్లోని మత్తుపదార్థాల వ్యాపారానికి అద్దె, జీతాల్లాంటి ఖర్చులు మినహాయించుకోనివ్వదు. స్నేహితులు చూపించిన లాభం ఆ పన్ను కట్టాకా, కట్టకముందా? మేడమ్ గారికి నా నమస్కారం చెప్పండి. సంతకం ఇంకా కాలేదు కాబట్టి ఏమీ చేయి దాటిపోలేదు.

*ప్రశ్న: నర్సంపేట దగ్గర మాకు మూడెకరాలుంది. నల్ల తామర పురుగు వచ్చిన ఏడు మిర్చి మొత్తం పోయింది, ఆ అప్పు ఇంకా తీరలేదు. ఇద్దరు మనుషులు కారులో వచ్చి, హెంప్ అనే నార పంట వేయమంటున్నారు. గంజాయి లాంటిదే కానీ మత్తు ఉండదట. కేంద్రం లైసెన్సు వాళ్ల కంపెనీకి ఉందట. విత్తనాలకు ఎకరానికి 40 వేలు మనం కట్టాలి, పంట వాళ్లే కొంటామని బాండు పేపరు రాసిస్తారట. వేయొచ్చా?*

వద్దు తమ్ముడూ. ఈ పత్రిక చేతికి అందేలోపే బయానా ఇవ్వలేదని ఆశిస్తున్నాను.

వాళ్ల మాటల్లో సగం నిజం ఉంది, అందుకే ప్రమాదం. మత్తు చాలా తక్కువగా ఉండే రకం నిజంగానే ఉంది. ఉత్తరాఖండ్‌లో 2018లో దాని సాగుకు లైసెన్సు ఇచ్చారు. మత్తునిచ్చే టీహెచ్‌సీ 0.3 శాతం దాటకూడదని షరతు పెట్టారు. దాటితే పంటను నాశనం చేయిస్తారు. కోత ఆలస్యమైనా ఆ శాతం పెరుగుతుంది. ఎన్‌డీపీఎస్ చట్టంలో నార కోసం, విత్తనం కోసం సాగుకు అనుమతించే సెక్షన్ 14 కూడా ఉంది. కానీ ఆ అనుమతి ఉత్తర్వుగా రావాలి, షరతులతో రావాలి, ఏ భూమిలోనో చెప్పాలి. మన తెలంగాణలో రైతుకు అలాంటి లైసెన్సు ఇచ్చే పథకం లేదు. అనుమతి లేకుండా వేస్తే, కొనేవాడు ఎవరైనా, బాండు పేపరు మీద ఏం రాసినా, సెక్షన్ 20 కింద పదేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష వరకు జరిమానా. చేను నీది కాబట్టి మొదట పట్టుకునేది నిన్నే. కారులో వచ్చినవాళ్ల నంబరు ఆ రోజు పనిచేయదు.

వాళ్లు మళ్లీ వస్తే ఒక్కటే అడుగు: "నా పేరు, నా సర్వే నంబరు రాసి ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు చూపించండి." కంపెనీ పేరున్న రంగుల కాగితం లైసెన్సు కాదు. వేరే రాష్ట్రంలో ఇచ్చింది నర్సంపేటలో చెల్లదు.

లైసెన్సు వచ్చినా రైతు ఎంత కట్టుబడి ఉండాలో తెలియడానికి మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో నల్లమందు పండించే రైతుల సంగతి చెబుతాను. వాళ్లకు కేంద్ర నార్కోటిక్స్ శాఖ ఏటా లైసెన్సు ఇస్తుంది. పండిన నల్లమందు ప్రభుత్వానికే అప్పగించాలి, నిర్ణయించిన దిగుబడి రాకపోతే మరుసటి ఏడు ఆ లైసెన్సు రాకపోవచ్చు. అందులోంచి కొంత పక్కకు తీసి అమ్ముకుంటే సెక్షన్ 19: పదేళ్లకు తక్కువ లేదు, ఇరవై ఏళ్ల దాకా. లైసెన్సున్న రైతుకే ఆ శిక్ష.

జనుము మాట వేరు తమ్ముడూ. ఇంగ్లీషులో దానికీ హెంప్ అనే పేరు తగిలించారు కాబట్టి కొందరు కలిపేస్తున్నారు. మనం పచ్చిరొట్టకు వేసే జనుముకు ఈ గొడవ ఏదీ లేదు, నిశ్చింతగా వేసుకో. నీ పొలంలో గట్టు వెంట ఎవరైనా కూలీలు గంజాయి మొక్కలు పెట్టారని తెలిస్తే మాత్రం దాచకు. భూమి ఉన్నవాడు వెంటనే సమాచారం ఇవ్వాలని సెక్షన్ 46 ఉంది. తెలిసీ ఊరుకుంటే శిక్షకు గురవుతావు. అప్పు సంగతి మీ సహకార సంఘంలో, బ్యాంకులో రీషెడ్యూల్ చేయమని అర్జీ పెట్టు. అర్జీ రాయడం రాకపోతే అదాలత్ దగ్గర నా దగ్గరికి రా, నేను రాసిస్తాను.

*ప్రశ్న: గ్రూప్-1కు చదువుతున్నాను. ఎన్‌డీపీఎస్ చట్టంలో లైసెన్సు ఉన్నవాళ్ల తప్పులకు విడిగా శిక్ష ఉందా?*

ఉంది, సెక్షన్ 26. కారణం లేకుండా లెక్కలు రాయకపోయినా, రిటర్నులు పంపకపోయినా, అధికారి అడిగినప్పుడు లైసెన్సు చూపకపోయినా, తప్పుడు లెక్క అని తెలిసీ రాసినా, తెలిసీ షరతు ఉల్లంఘించినా మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. లైసెన్సుదారు కింద అతని తరఫున పనిచేసేవారికి కూడా ఇది వర్తిస్తుంది. చదివేటప్పుడు "అతని ఉద్యోగి" అన్న మాట కింద గీత గీసుకోండి.

*ప్రశ్న: భంగు ఎన్‌డీపీఎస్‌లో లేదని యూట్యూబ్‌లో చూశాను. శివరాత్రికి మా భీమారంలో అమ్మొచ్చా?*

కూడదు. ఎన్‌డీపీఎస్‌లో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొమ్మల చివరలు. వాటితో కలవని ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు, అంతవరకూ ఆ వీడియో నిజమే. భంగు చేసేది ఆ ఆకుతోనే, దాన్ని రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలు చూస్తాయి. ఉత్తరప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో ప్రభుత్వం అనుమతించిన భంగు దుకాణాలున్నాయి. మన దగ్గర లేవు. పైగా మీరు నూరిన ముద్దలో ఆకు మాత్రమే ఉందో, పూత కలిసిందో చెప్పేది ల్యాబు. ఆ రిపోర్టు వచ్చేదాకా మీరు ఎక్కడ ఉంటారో ఆలోచించండి.

*ప్రశ్న: విద్యారణ్యపురిలో చిన్న ఆర్గానిక్ స్టోర్ నడుపుతున్నాను. హెంప్ గింజల పొడి, హెంప్ నూనె అమ్ముతున్నాను. ఈమధ్య ఒక ఏజెంటు సీబీడీ నూనె సీసాలు, "ఆయుర్వేద" అని రాసిన చాక్లెట్లు రెండు డబ్బాలు పెట్టి వెళ్లాడు. యూనివర్సిటీ పిల్లలు ఆ చాక్లెట్లే అడుగుతున్నారు. నా ఫుడ్ లైసెన్సు పోతుందా?*

అమ్మా, పిల్లలు ప్రత్యేకంగా వాటినే అడుగుతున్నారని మీరే గమనించి రాశారు. మీకు అనుమానం వచ్చిందంటేనే మీరు మంచి వ్యాపారి.

గింజల పొడి, గింజల నూనె వరకు మీకు దారి ఉంది. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2021లో వాటిని ఆహారంగా ఒప్పుకుంది. గింజల్లో టీహెచ్‌సీ కిలోకు 5 మిల్లీగ్రాములు, నూనెలో 10 మిల్లీగ్రాములు దాటకూడదు. మత్తు వస్తుందన్న సూచన గానీ, ఆకు బొమ్మ గానీ లేబుల్ మీద ఉండకూడదు. మీ షాపు ముందు బోర్డు మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ వేయించి ఉంటే ఇవాళే తీసేయండి. ఫుడ్ సేఫ్టీ అధికారి వస్తే ముందు సరిదిద్దుకోమని నోటీసు ఇస్తారు. సరిదిద్దకపోతే సస్పెన్షన్, అప్పటికీ మారకపోతే రద్దు. అది కాక తప్పుడు లేబుల్‌కు 3 లక్షల వరకు, తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల వరకు జరిమానా ఉంది. మీ సైజు షాపుకు ఇందులో పదో వంతైనా మోయలేని బరువు. అందుకే ప్రతి బ్యాచ్‌కూ ల్యాబ్ రిపోర్టు అడిగి ఫైల్లో పెట్టుకోండి. రిపోర్టు ఇవ్వని సరఫరాదారు సరుకు దించుకోకండి.

సీబీడీ అనేది గంజాయి మొక్క నుంచి తీసే పదార్థం, ఆ నూనె గింజ నూనె కాదు. అది మీ ఫుడ్ లైసెన్సు కిందికి రాదు. విజయ, అంటే భంగు ఆకు, ఆయుర్వేద మందుల్లో వాడతారు గానీ, తయారీకి ఆయుర్వేద మందుల లైసెన్సు ఉండాలి. అది వైద్యుడి పర్యవేక్షణలో వాడాల్సిన మందుల జాబితాలో ఉంది. పచారీ సామాను పక్కన అలమారలో పెట్టే వస్తువు కాదు. కౌంటర్ మీది నుంచి తీసి, బిల్లుతో సహా పక్కన పెట్టండి, ఒక్కటీ అమ్మకండి.

చాక్లెట్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. వాటిలో గంజాయి ఉందని తేలితే ఇది ఫుడ్ లైసెన్సు వ్యవహారం కాదు, ఎన్‌డీపీఎస్ కేసు. కిలో వరకు చిన్న పరిమాణం: ఏడాది వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా లేదా రెండూ. కిలో దాటితే పదేళ్ల దాకా. డబ్బాలో మిగతా తీపి, పాలపొడి బరువు కలిపి తూస్తే ఎంతవుతుందో కూడా ఆలోచించండి. చట్టంలో మిశ్రమం కూడా గంజాయి కిందే ఉంది, తూకం మీద మా కోర్టుల్లో వాదనలు ఎడతెగవు. మీరు ఆ వాదనలో పడకూడదు.

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. భయంతో డబ్బాలు ఏజెంటుకు కొరియర్ చేస్తారు, లేదా రాత్రిపూట చెత్తలో పారేస్తారు. కొరియర్ చేస్తే రవాణా చేసినట్టే, అది విడిగా నేరం. పారేస్తే సాక్ష్యం మాయం చేశారన్న మాట వస్తుంది. ఏజెంటు వచ్చిన తేదీ, ఇచ్చిన బిల్లు, అతని ఫోన్ నంబరు, ఎన్ని అమ్ముడయ్యాయో ఉన్నదున్నట్టు ఒక కాగితం మీద రాయండి. మీ వకీలును గానీ, ఇంట్లో పెద్దవారిని గానీ వెంట పెట్టుకోండి. స్టేషన్‌కు ముందు ఫోన్ చేసి, వాళ్లనే షాపుకు రమ్మని, డబ్బాలు అక్కడే పంచనామాతో అప్పగించండి. షాపు కెమెరాలో ఏజెంటు వచ్చిన రోజు రికార్డింగు చెరిగిపోకముందే పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి. పంచనామా నకలు మీద అధికారి సంతకం, స్టేషన్ ముద్ర తీసుకుని, రెండు జిరాక్సులు తీయించి ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో దాచండి.